నల్ల చొక్కాల వాళ్ళం

నవంబరులో అది లైట్‌హౌస్ తలుపు.
హాల్వర్సన్ మేడమ్ రాసిన నాటకంలో
పడవ మీద పోయిన తమ్ముడి కోసం
అక్క రెండంకాలు దాన్నే చూస్తూ కూర్చుంటుంది.
ఏప్రిల్‌లో అదే తలుపు
రాత్రిళ్ళు మాత్రమే తెరిచే రొట్టెల దుకాణానిది.
ఇరవై ఇద్దరు పాడుకుంటూ దాన్లోంచి దూసుకొస్తారు,
చేతుల్లో స్పాంజితో చేసిన బన్నులు.

రెండిటికీ మధ్య
డులూత్‌లో ఐదు నెలల మంచు,
తలుపు మీద మూడు పూతల రంగు.
గోకితే కింద ఇంకా పాతవి:
ఒక జైలు, ఓ రైల్వే స్టేషను,
మేం పుట్టకముందు ఎవరిదో పెళ్ళివారిల్లు.

రంగు వేసింది నేనూ, టౌ వాంగూ.
కింది మడతబందు బిగించింది మాత్రం నేనొక్కదాన్నే.
మాకు డైలాగుల్లేవు.
నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చప్పుడు చెయ్యని నల్ల బూట్లు.
దీపాలారిన పద్దెనిమిది సెకన్లు మావి.
ఆ కాస్తలో సముద్రాన్ని పక్కకి నెట్టి
వంటిల్లు తెచ్చి పెట్టాలి.
నేల మీద మెరిసే టేపు ముక్కలే మాకు చుక్కలు.
బాగా చేస్తే ఎవరూ చూడరు.
చూశారంటే, ఏదో తగలేశామన్నమాట.

"ఇంతకీ నీదేం వేషమే?" అని
ఫోన్లో అడిగింది మా పిన్ని.
తలుపు, అన్నాను.
లైను తెగిందేమో అనుకున్నాను కాసేపు.

నాటకం రెండో రాత్రి
తమ్ముడి వేషం సోరెన్
నా పక్కనే తలుపు చాటున నిలబడ్డాడు.
తుఫానులోంచి రావాలి కదా అని
స్ప్రే సీసాతో జుట్టంతా తడిపాను.
పళ్ళు టకటకలాడుతున్నాయి.
నీళ్ళవల్లేమో అనుకున్నా.
"నా మొదటి మాటేంటి?" అన్నాడు.
రిహార్సల్స్ చూసీ చూసీ
అందరి మాటలూ నాకు నోటికొచ్చు.
చెవిలో చెప్పాను:
"దీపం ఎవరార్పారు?"
తలుపు తోసుకుని వెలుగులోకి వెళ్ళిపోయాడు,
నేనిచ్చిన మాటని గొంతులో పెట్టుకుని.
చెక్కకి చెవి ఆన్చి వింటే
చప్పట్లు
పెద్ద గిన్నెలోకి కందిపప్పు పోస్తున్నట్టుంటాయి.

మ్యూజికల్ తిప్పలు వేరు.
కరిగే మంచు తేమకి చెక్క ఉబ్బింది.
మరిట్ పాట అందుకుని
పిడి పట్టుకు లాగింది. రాలేదు.
ఆర్కెస్ట్రా ఆ వరసనే ఇంకోసారి తిప్పింది.
మళ్ళీ లాగింది.
ఇవతల నేను భుజం ఆనించి
ఒక్క తోపు తోశాను.
తలుపూ నేనూ కలిసే
రొట్టెల దుకాణంలో పడ్డాం.

ఆరువందల మంది ముందు
మోకాళ్ళ మీద నేను, నడుముకి సుత్తి.
మరిట్ రెప్ప కూడా వెయ్యలేదు.
"బొగ్గులు తేవడానికి ఇంతసేపా పిల్లా!" అంది,
పాట వరస చెడకుండా.
తల ఊపాను. అదే నా నటన.
నవ్వులు ఆగేదాకా ఎటూ పోలేక
పొయ్యి పక్కన కూర్చుని చేతులు కాచుకున్నాను,
ఎర్ర సెల్లోఫేన్ కాయితం నిప్పు మీద.
ఒట్టు, వెచ్చగానే ఉంది.

ఆదివారం సెట్టు విప్పేశాం.
మేకులు కాఫీ డబ్బాలోకి,
వంగినవి ఇంకో డబ్బాలోకి.
నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికొచ్చిన అమ్మ
దారెటో తెలీక స్టేజి మీదకే వచ్చేసింది.
తలుపు వెనక సుద్దముక్కతో
శరత్కాలంలో నేను రాసుకున్న తెలుగు మాట చదివింది.
సామాను కలిసిపోకుండా పేర్లు రాయమంటే
నాకు మాత్రమే తెలిసేలా రాసింది అది.
"తలపు," అంది అమ్మ.
మళ్ళీ చూసి, "కొమ్ము మర్చిపోయావే."

సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటుంటే
అవతలి కొసనుంచి టౌ
"ఎత్తుతావా, రేపు రమ్మంటావా?" అని అరిచాడు.
ఎత్తాను.
బరువు ఎప్పటంతే ఉంది.
గోదాము మెట్ల మలుపు దగ్గర
అమ్మ కూడా ఓ చెయ్యేసింది.